నెల తప్పక ముందు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను కాలువల గురించి మాట్లాడమన్నారు. ముప్పై ఏళ్ళుగా కాలువ గట్ల మీద తిరుగుతున్నవాణ్ణి కాబట్టి అది న్యాయమే. అయినా కార్యదర్శిగారిని అడిగి అంశం మార్చుకున్నాను. ఇంజనీరుకి ఆడవాళ్ళ కడుపు సంగతులెందుకని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. ఇది చెప్పడానికి మా ఆవిడ అనుమతి కూడా తీసుకున్నాను.

1996లో మాకు కొత్తగా పెళ్ళయింది. నేనొక కాలువ పని దగ్గర సైటులో ఉండేవాణ్ణి. రెండు నెలలు గడవగానే మా అమ్మ ఉత్తరంలో "ఏమైనా విశేషమా?" అని అడగడం మొదలుపెట్టింది. విశేషమైంది. మూడో నెలలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. పేరు రాసుకున్నారు, మాత్రలిచ్చారు. ఇరుగుపొరుగువాళ్ళు బొప్పాయి తినొద్దన్నారు, పాలల్లో కుంకుమపువ్వు వెయ్యమన్నారు. ఐదో నెలలో స్కానింగు చేసినప్పుడు బిడ్డ తలపైభాగం ఏర్పడలేదని, పుట్టినా బతకదని చెప్పారు. ఎందుకిలా జరిగిందో ఆ ఆసుపత్రిలో ఎవరూ చెప్పలేదు. మా ఇంట్లో మాత్రం చెప్పారు. గ్రహణం రోజు గడప దాటిందని ఒకరు, దిష్టి అని ఒకరు. మా ఆవిడ ఏ ఒక్కరికీ ఎదురు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ మాట ఇవాళ మీ ముందు ఒప్పుకుంటున్నాను.

ఏడాది తరవాత వేరే ఊళ్ళో ఒక పెద్ద వయసు డాక్టరమ్మగారి దగ్గరికి వెళ్ళాం. ఆవిడ మందుల చీటీ వెనక ఒక గీత గీసి దాని మీద రోజులు గుర్తుపెట్టారు. గర్భం నిలిచిన 28 రోజులకల్లా బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం మూసుకుపోవాలి. అంటే నెల తప్పిన రెండు వారాలకే. "నువ్వు మూడో నెలలో ఆసుపత్రికి వచ్చావమ్మా, నీకు మాత్రలిచ్చేసరికే ఆ పని అయిపోయింది. ఇందులో నీ తప్పేమీ లేదు, నీకెవరూ ముందు చెప్పలేదు" అన్నారు. మా ఆవిడ ఆ గదిలోనే మొదటిసారి ఏడ్చింది.

నాకు ఆ గీత బాగా అర్థమైంది. కాంక్రీటు పొయ్యకముందే కడ్డీలు సరిచూసి సంతకం పెడతాం. పోశాక చూడటానికి ఏమీ ఉండదు. మనం ఆడపిల్లలకి వైద్యం కాంక్రీటు పోశాక మొదలుపెడుతున్నాం.

ఫోలిక్ ఆమ్లం సంగతి అప్పటికే తెలిసినదే. 1991లో ఏడు దేశాల్లోని 33 కేంద్రాల్లో చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. అంతకుముందు ఇలాంటి బిడ్డ కలిగిన తల్లులు గర్భానికి ముందునుంచే ఆ మాత్ర వేసుకుంటే, మళ్ళీ అలా జరగడం నూటికి 72 వంతులు తగ్గింది. ఆ మాటకొస్తే దీని కథ మన దేశంలోనే మొదలైంది. 1920ల చివర బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణుల రక్తహీనతను లూసీ విల్స్ అనే డాక్టరు పరిశీలించి, ఈస్టు రసంతో అది తగ్గుతోందని చూపించారు. అందులో ఉన్నది ఈ విటమినే అని తరవాత తేలింది.

మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాములు చాలు. గర్భానికి కనీసం నెల ముందునుంచి మూడో నెల నిండేదాకా వేసుకోవాలి. మా ఆవిడలాంటివాళ్ళకి ఎక్కువ మోతాదు కావాలి, అది డాక్టరే రాయాలి. దీంతో అన్ని లోపాలూ ఆగిపోతాయని ఎవరూ అనరు.

ఆ డాక్టరమ్మగారు మాత్రతో వదల్లేదు. రక్తం చూశారు, షుగరు, థైరాయిడు చూశారు. ఏం తింటున్నావు, ఎప్పుడు తింటున్నావు అని అడిగారు. అందరికీ వడ్డించాక మిగిలింది తింటున్నానని మా ఆవిడ చెప్పింది. ఆవిడ నావైపు చూశారు. తరవాత నన్ను సిగరెట్లు రోజుకెన్ని అని అడిగారు. నేను ఐదు తగ్గించి చెప్పాను. మూర్ఛకి మందులు వాడుతున్నారా అని కూడా అడిగారు. కొన్ని మూర్ఛ మందులు బిడ్డకు హాని చేస్తాయట. అలాగని సొంతంగా ఆపేస్తే తల్లికే ప్రమాదం, ముందే డాక్టరుతో మాట్లాడి మార్చుకోవాలి. మేనరికమా అని అడిగారు. చివరికి, అసలు ఇప్పుడే బిడ్డ కావాలని నీకుందా అని మా ఆవిడనడిగారు. పెళ్ళయ్యాక ఆ ప్రశ్న ఎవరూ అడగలేదని దారిలో తను నాతో అంది.

1999లో మా అమ్మాయి పుట్టింది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019-21 లెక్కలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి 57 మందికి రక్తం తక్కువ. మన రెండు రాష్ట్రాలూ ఆ సగటుకి కాస్త పైనే ఉన్నాయి. పెళ్ళికి ముందు జాతకాలు చూపిస్తాం, హిమోగ్లోబిన్ చూపించం. గర్భం వచ్చాక రక్తం పెంచడం, వరద వచ్చాక గట్టు పోయడం ఒకలాంటివే.

ఇందులో ఒక చిక్కుంది. కొత్త కోడలికి సలహాలంటే అత్తగారి చేతికి ఇంకో కర్ర ఇచ్చినట్టవుతుంది. లావయ్యావు, సన్నబడ్డావు, ఇది తిను, అది మాను. మాటలు అలా జారితే ఈ పని చెయ్యకపోవడమే మేలు. అందుకే ఇది ఆ అమ్మాయితో విడిగా, తన మాట విని చెప్పాల్సినది. మొగుణ్ణి కూడా ఆ తరవాత కూర్చోబెట్టి చెప్పాలి.

మన సంఘం ఏటా కంటి శిబిరం, బీపీ శిబిరం పెడుతోంది. వాటికి వచ్చేవాళ్ళంతా మన వయసువాళ్ళే. ఈ ఏడాదినుంచి ఒక ఆదివారం, ఈ బడిలో చదివి పెళ్ళి కుదిరినవాళ్ళకీ కొత్తగా పెళ్ళయినవాళ్ళకీ కేటాయిద్దాం. మన బ్యాచ్‌లలో డాక్టర్లున్నారు, నర్సులున్నారు. హిమోగ్లోబిన్ పరీక్ష, ఒక్కొక్కరితో అరగంట మాట, అంతే. మూడేళ్ళపాటు పరీక్షల ఖర్చు నేను పెట్టుకుంటాను.

పోయిన ఏడాది మా అమ్మాయి పెళ్ళి కుదిరినప్పుడు ఈ మాటలు తనకి చెప్పాలని వారం రోజులు ప్రయత్నించి, నోరు రాక ఊరుకున్నాను. ఇంటర్‌లో లెక్కలు చెప్పిన తండ్రినే. చివరికి బీరువాలోంచి ఆ పాత చీటీ తీసి ఇచ్చాను. చూసి, "నాన్నా, ఇది ఎప్పటిదో, అల్లుడుగారికి కూడా ఫోటో తీసి పంపనా?" అంది.

పంపమన్నాను.

పేర్లు రాసుకునే పుస్తకం భోజనాల పందిరి పక్కన బల్ల మీద ఉంది. మగవాళ్ళకి వేరే పేజీ పెట్టించాను. ఇందాక చూసినప్పుడు అది ఖాళీగానే ఉంది.