బొద్దుగా ఉంటే బలమేనా?

మేము ఎనిమిదో తరగతి చదివి సొసైటీ లెక్కలు రాసేవాళ్లం, డాక్టర్లం కాము. మా ఇంట్లో జరిగింది చెప్తాం.

మా మనుమడు రెండున్నర కిలోల లోపే పుట్టిండు. సన్నగున్నడని భయపడి డబ్బా పాలు, చక్కెర నీళ్లు, పాలల్లో నానిన బిస్కెట్లు పెట్టినం. ఏడాదికి బొద్దయిండు. దిష్టి తీసి మురిసినం. నాలుగో ఏట చాల్ మెట్లెక్కితే ఆయాసం! బాలవాడి టీచరమ్మ తూచి, ఎత్తుకు మించిన బరువన్నది.

పుణె కె.ఇ.ఎం. ఆసుపత్రి డాక్టర్ యాజ్ఞిక్ గారు 1993 నుంచి దగ్గరి పల్లెల్లో తల్లీపిల్లల్ని పరిశీలించారు. అక్కడి శిశువుల సగటు బరువు సుమారు 2.7 కిలోలు, ఇంగ్లండు శిశువులది 3.5. బరువు తక్కువైనా కొరత కండలోనే, కొవ్వులో అంత లేదు. అట్లాంటి బిడ్డకు గబగబా బరువు పెంచితే పెద్దయినంక షుగర్ భయం ఎక్కువ. పడుగులో పడ్డ తప్పు పేకతో సరికాదని మనకు తెలియంది కాదు.

కడుపుతో ఉన్న కోడలికి ఆకుకూర, పండు, పాలు ముందు వడ్డించండి, షుగర్ పరీక్ష చేయించండి. ఆరు నెలలు తల్లిపాలే. రెండేళ్ల దాకా చక్కెర వద్దు. ఫోన్ చూపిస్తూ బువ్వ పెట్టకండి. ఏడాది దాటిన పిల్లలు రోజుకు మూడు గంటలన్నా కదలాలట. ఒక్క ఖోలీలో ఎక్కడ కదులుతరు? గ్యాలరీలో ఉరకనీయండి. పక్కింటోళ్లు గులిగితే గులగనీయండి.

మావాడు ఇప్పుడు సాయంత్రం గల్లీలో ఆడుతుండు. బిస్కెట్ డబ్బా మాత్రం వాళ్ల నానమ్మ ఇంకా మంచం కింద దాస్తనే ఉన్నది.