వృద్ధకణములు – వైరసుల దౌర్జన్యము



విద్యానిధిని, వసతిగృహములను గూర్చి పెద్దలు సెలవిచ్చియున్నారు. మేము దేహములోని యొక సూక్ష్మవ్యవహారమును విన్నవింతుము.

మన దేహము కణములచే నిర్మితమైనది. కణము రెండగుటకు ముందు తనలోని డి.ఎన్.ఏ. యను వంశలిపికి ప్రతి వ్రాసికొనును. ఈ వ్రాతకు మితి కలదు. గాజుపాత్రలలో పెంచిన మానవకణములు సుమారు 50 మారులు విభజనమొంది నిలిచిపోవునని హేఫ్లిక్, మూర్‌హెడ్ అను శాస్త్రజ్ఞులు 1961లో వెల్లడించిరి. ప్రతి వ్రాతకును డి.ఎన్.ఏ. కొనలు కొంత తరుగుటయే దీనికి ముఖ్యకారణము. కొనలు మిక్కిలి తరిగినపుడు పి53, ఆర్‌బి యను మాంసకృత్తులు కావలివాండ్రవలె నిలిచి వ్రాతను మాన్పించును. ఇది కణముయొక్క వార్ధకము. మనకు రక్షయు నిదియే.

కొన్ని చిన్న వైరసులకు తమ లిపిని వ్రాసికొను సాధనములు చాలవు. కణముయొక్క సాధనములే వానికి శరణ్యము. విశ్రమించిన కణములో నవి మూలబడియుండును. కావున వైరసు మొదట కావలివాండ్రను పడగొట్టును. ఎస్.వి.40 అను కోతివైరసుయొక్క టి-మాంసకృత్తు ఆ యిరువురిని బంధింపగా, ముదిసిన కణము సైతము మరల డి.ఎన్.ఏ. వ్రాయ నారంభించును. కొనలు తరిగిపోయిన పిమ్మట జరుగు నీ వ్రాతలో తప్పులు పెరుగును, వంశలిపి ముక్కలగును. అట్టి కణములలో పెక్కు నశించును. అరుదుగ నొకటి మరణము మరచి పెరుగును.

ఇది ప్రయోగశాలలోని ముచ్చటమాత్రమే కాదు. హెచ్.పి.వి. యను వైరసు స్త్రీల గర్భాశయముఖమునం దిట్లే ప్రవర్తించును. దాని ఇ6 పి53ను నాశనము చేయించును. ఇ7 ఆర్‌బిని బంధించును. దీనివలన కాన్సరు కలుగునని కనుగొనిన హరాల్డ్ త్సుర్ హౌజన్‌గారికి 2008లో నోబెల్ బహుమాన మొసంగబడినది.

ఈ వైరసు సోకుట సర్వసామాన్యము. పెక్కుమందిలో నదియే తొలగిపోవును. కొందఱిలో నిలిచి, యేండ్ల తరబడి లోలోన పనిచేయును. ఇందు సిగ్గుపడవలసిన దేమియు లేదు. సిగ్గుచే దాచుకొనుటయే ప్రాణాపాయము. 9 మొదలు 14 ఏండ్ల బాలికలకు టీకా వేయింపుడు. మన దేశమున తయారైన టీకాకు 2022లో అనుమతి లభించినది. ముప్పది యేండ్లు దాటిన తల్లులను, అక్కచెల్లెండ్రను, టీకా పొందినవారైనను, పరీక్షకు పంపుడు.

వివాహమునకు కూడబెట్టు ధనములో నొక స్వల్పభాగము ఆడుబిడ్డల ఆరోగ్యమునకు వెచ్చించుట మనకు భారము కానేరదు. దాతలు వసతిగృహములోని బాలికలతోనే యీ కార్యమున కంకురార్పణ చేయుదురుగాక యని ప్రార్థించుచు విరమించుచున్నాము.