అక్వేరియం హీటర్

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ఇళ్లలో అక్వేరియాల్లో పెంచే గప్పీ, మోలీ, ఏంజెల్ చేపలు ఉష్ణమండల జాతులు. వాటికి 24 నుంచి 28 డిగ్రీల వెచ్చదనం కావాలి. డిసెంబరు, జనవరి రాత్రుల్లో హైదరాబాద్ ఉష్ణోగ్రత 15 డిగ్రీలకు, ఒక్కోసారి అంతకన్నా కిందికి దిగుతుంది. అప్పుడు హీటర్ తప్పనిసరి.

హీటర్ ఆగిపోతే నీరు మెల్లగా చల్లబడుతుంది, సరిచేసుకునే వ్యవధి ఉంటుంది. ఆగాల్సినప్పుడు ఆగకపోవడమే అసలు ప్రమాదం. చాలా హీటర్లలో వేడికి వంగే రెండు లోహాల పట్టీ కరెంటును కలుపుతూ, విడదీస్తూ ఉంటుంది. అలా కలిసి విడిపోయేటప్పుడు చిన్న నిప్పురవ్వ పుడుతుంది. ఏళ్ల తరబడి ఆ రవ్వలకు కొసలు మాడి, చివరికి అతుక్కుపోతాయి. ఇక నీరు కాగుతూనే ఉంటుంది. అందులో ప్రాణవాయువు తగ్గి చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి.

అందుకే 100 లీటర్ల తొట్టెకు 100 వాట్ల హీటర్ ఒకటి పెట్టడం కన్నా 50 వాట్లవి రెండు పెట్టడం మేలు. ఒకటి అతుక్కుపోయినా నీరు త్వరగా వేడెక్కదు, ఒకటి ఆగినా రెండోది కొంత ఆదుకుంటుంది. థర్మామీటర్ విడిగా ఉండాలి, రోజూ చూడాలి. బోరు నీటి సున్నం హీటర్ గాజు గొట్టానికి పొరగా పడితే ఆ పొరను తీసేయాలి. నీళ్లు మార్చేముందు ప్లగ్ తీసి పావుగంట ఆగాలి. వేడి గాజుకు చన్నీళ్లు తగిలితే అది పగిలి, ప్లగ్ తీయని తొట్టెలో నీటికి కరెంటు పాకుతుంది.