చీపురు పట్టిన చెయ్యి మారలేదు

(ఒక విశ్వవిద్యాలయ పాలక మండలి ముందు కాంట్రాక్టు కార్మికురాలు చేసిన ప్రసంగ పాఠం)

హాస్టళ్ళు ఊడ్చేవాళ్ళం, మెస్సులో వండేవాళ్ళం, లాబుల్లో గాజు సామాను కడిగేవాళ్ళం. మా అందరి తరఫున మూడు సంగతులు చెప్పడానికి వచ్చాను.

మొదటిది జీతం. నేనూ, పర్మినెంటు అక్కా ఒకే వరండా ఊడుస్తాం. ఆమె జీతంలో సగం కూడా నాకు రాదు. ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగులకు కనీస స్కేలు ఇవ్వాలని 2016లో జగ్జీత్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మేం కాంట్రాక్టరు మనుషులమని మీరంటారు. కాంట్రాక్టరు మూడుసార్లు మారాడు. చీపురు పట్టిన చెయ్యి మారలేదు.

రెండోది ఉద్యోగ భద్రత. కాన్పుకు వెళ్ళొచ్చేసరికి మస్టర్‌లో పేరుండదు. పర్మినెంటు అడిగితే 2006 నాటి ఉమాదేవి తీర్పు చూపిస్తారు. కానీ 2024 డిసెంబరులో జగ్గో కేసులో, కేంద్ర జల సంఘం ఆఫీసులో ఏళ్ళ తరబడి ఊడ్చిన స్త్రీలను క్రమబద్ధం చేయమని సుప్రీంకోర్టే ఆదేశించింది. ఉమాదేవి తీర్పును ఇలాంటివాళ్ళ మీద ఆయుధంగా వాడడాన్ని తప్పుపట్టింది.

మూడోది శిక్షణ. యాసిడ్ సీసా ఎలా కడగాలో మాకెవరూ నేర్పలేదు. చెయ్యి కాలాక నేర్చుకున్నాం. గ్లవ్స్ ఇవ్వండి, పని నేర్పండి. చదువుకున్న ఆడవాళ్ళు మాలోనూ ఉన్నారు, వాళ్ళు అటెండరుగా, లాబు సహాయకురాలిగా ఎదిగే దారి చూపండి.

మేం దయ అడగడం లేదు. ఈ మూడు మాటలూ మినిట్స్‌లో రాయండి. జవాబుకు తేదీ వెయ్యండి. ఆ రోజు మళ్ళీ వస్తాం.