బండి కొనే గ్రాంటు, బండి నడిపే గ్రాంటు
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ముప్పై మూడేళ్లు ఖజానా శాఖలో బిల్లులు చూసినవాడిని. కనుక వైద్యం గురించి కాక, 108 బండి మన వీధిలోకి రావడానికి వెనుక డబ్బు ఎలా నడుస్తుందో చెబుతాను. ఈ వయస్సులో మనకు కరువు భత్యం ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం.

108 సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాదులో ప్రారంభమైంది. మొదలుపెట్టినది సత్యం కంపెనీ అధినేతల కుటుంబం స్థాపించిన సంస్థ. తరువాత రాష్ట్ర ప్రభుత్వం ఒప్పందం చేసుకుని నిర్వహణ ఖర్చులో అధిక భాగం తాను భరించసాగింది. 2009 జనవరిలో సత్యం లెక్కల వ్యవహారం బయటపడినప్పుడు ఈ బండ్లు కూడా ఆగిపోతాయేమోనని భయపడ్డాం. ఆగలేదు. నిర్వహణ జి.వి.కె. వారి చేతికి మారింది, సేవ సాగింది. దాత ఇబ్బందుల్లో పడినా సేవ నిలిచిందంటే, దాని వెనుక సర్కారు పద్దు ఉండబట్టే.

అయితే ఆ పద్దు రెండు రకాలని మీకు వేరే చెప్పనక్కరలేదు. ఒకటి బండి, పరికరాలు కొనడానికి ఒక్కసారి ఇచ్చేది. రెండవది డీజిలు, టైర్లు, ఆక్సిజన్, మందులు, పైలట్ల జీతాలు, ప్రథమ చికిత్స చేసే సిబ్బంది జీతాలు - ఇవన్నీ నెల నెలా కావలసినవి. మొదటి దానికి జెండా ఊపే సభ ఉంటుంది. 2020 జూలై 1న విజయవాడలో 108, 104 వాహనాలు వెయ్యికి పైగా ఒకేసారి బయలుదేరినప్పుడు చూసినవారెవరూ ఆ దృశ్యం మరచిపోరు. రెండవ దానికి సభలుండవు. బిల్లులే ఉంటాయి.

జాతీయ ఆరోగ్య మిషన్ క్రింద కేంద్రం ఈ సేవకు సహాయం చేసిన పద్ధతి గమనించండి. నిర్వహణ ఖర్చులో మొదటి ఏడు 60 శాతం, రెండవ ఏడు 40 శాతం, ఆ పైన 20 శాతం. రాష్ట్రం క్రమంగా తన కాళ్లపై తాను నిలబడాలన్నది ఉద్దేశం. మంచిదే. కాని మిగతా 80 శాతం రాష్ట్ర బడ్జెట్టులో వ్రాస్తే చాలదు, వేళకు విడుదల కావాలి. వినియోగ పత్రం అందలేదని ఒక విడత ఆగితే ఏమవుతుందో మనలో తెలియనివారెవరు? ఆఫీసు కుర్చీల బిల్లు మూడు నెలలు ఆగినా ఎవరికీ ప్రాణం పోదు. అంబులెన్సు బిల్లు అలాంటిది కాదు.

మా పక్కింటి పెద్దాయనకు ఒక రాత్రి గుండెలో నొప్పి వచ్చింది. ఫోను వెంటనే ఎత్తారు. కాని మా ప్రాంతపు బండి టైర్లు అరిగి షెడ్డులో ఉన్నది. మరో చోటి నుంచి బండి వచ్చేసరికి యాభై నిమిషాలు పట్టింది. ఆయన బ్రతికారు, కాని ఇప్పుడు మేడ మెట్లు ఎక్కలేరు. బండికి డబ్బు దొరికింది, నాలుగు టైర్లకు దొరకలేదు.

డబ్బు లేదంటే సరిపోతుందా? సరిపోదని సుప్రీంకోర్టు 1996లోనే చెప్పింది. 1992లో పశ్చిమ బెంగాల్‌లో ఒక వ్యవసాయ కూలీ రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలితే, ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తరువాత ఒకటి మంచాలు లేవని త్రిప్పి పంపాయి. చివరకు ప్రైవేటు ఆసుపత్రిలో సుమారు 17,000 రూపాయలు ఖర్చు పెట్టుకున్నాడు. కోర్టు 25,000 పరిహారం ఇప్పించింది. అత్యవసర వైద్యం రాజ్యాంగం 21వ అధికరణం క్రింద జీవించే హక్కులో భాగమనీ, నిధుల కొరత సాకు కాజాలదనీ తీర్పు చెప్పింది. అంబులెన్సుల ఏర్పాటు మెరుగుపరచమని కూడా అన్నది.

కనుక మిత్రులారా, మనం అడగవలసినవి మూడే. లక్ష జనాభాకు ఒక సాధారణ అంబులెన్సు, అయిదు లక్షలకు ఒక ఉన్నత స్థాయి అంబులెన్సు అన్నది మిషన్ ప్రమాణం. మన ప్రాంతంలో ఎన్ని ఉన్నాయి? గత సంవత్సరం అవి ఎన్ని రోజులు షెడ్డులో ఉన్నాయి? నిర్వహణ నిధులు ఏ తేదీన విడుదలయ్యాయి? 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద అర్జీ పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. అర్జీ వ్రాయడం మనకు కొత్త కాదు. జవాబులో ఏది దాటవేశారో కనిపెట్టడం అంతకన్నా కొత్త కాదు.

ఇంట్లో కూడా ఒక పని చేయండి. ఇంటి నంబరు, దగ్గరి గుర్తు, వాడుతున్న మందుల పేర్లు ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో వ్రాసి ఫోను దగ్గర అంటించండి. ఆ వేళకు మీరు మాట్లాడలేకపోతే మనవడైనా చూసి చదువుతాడు.

పింఛను కోసం మనం ఎన్నో మహజర్లు సమర్పించాం. ఈ ఏడు అంబులెన్సు నిర్వహణ నిధుల కోసం కూడా ఒకటి సమర్పించాలని ప్రతిపాదిస్తున్నాను. దానిని బలపరచవలసిందిగా కోరుతున్నాను.