మన వాడ నీళ్లకి మన వకీలు
(లా చదువుతున్న యువతీయువకులు, సంఘం కార్యకర్తలు కలిసిన సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



నేను లా చదివినోణ్ణి కాదు. పంతులుద్యోగం నాది. మా ఇంట్లో డిగ్రీ చేతపట్టినవాణ్ణి నేనే మొదలు. అట్లాంటోడు లాయర్ల గురించి మాట్లాడ్డమేందని వెనక వరసలో నవ్వుతున్నారు. నవ్వండి. మా బళ్లో చదువుకుని లా పూర్తిచేసిన ఒక పిల్లోడు నన్నో ప్రశ్న అడిగాడు. దానికి జవాబు వెతుక్కుంటూ పోయి తెలుసుకున్న సంగతులివి.

"సార్, పట్టా వచ్చింది. ఇప్పుడు తినేదెట్లా?" అన్నాడు.

వాడొక సీనియర్ దగ్గర చేరాడు. పొద్దున్నే ఆఫీసు తాళం తియ్యాలి, ఫైళ్లు మొయ్యాలి, వాయిదాలు రాసుకోవాలి. ఏడాది తిరిగినా చేతిలో పెట్టింది బస్సు ఖర్చులకి కూడా చాలలేదు. పక్కనున్న జూనియర్‌కి ఆ బాధ లేదు. వాళ్ల నాయన లాయరు, మేనమామ లాయరు, ఊళ్లో పదెకరాల మాగాణి. వాడు ఐదేళ్లయినా జీతం లేకుండా నేర్చుకుంటాడు. మనోడు ఐదు నెలలకే కూలికి పోవాల్సొస్తుంది. తెలివి తక్కువై కాదు, ఇంట్లో బియ్యం తక్కువై. చివరికి వీడూ నల్లకోటు మడిచి పెట్టెలో పెట్టి ప్రైవేటు ఫైనాన్సు కంపెనీలో చేరాడు.

ఇట్లాంటోళ్లు నిలదొక్కుకునేదాకా ఒకటి రెండేళ్లు జీతమిచ్చి పని నేర్పే పద్ధతికే ఫెలోషిప్ అని పేరు. మాట కొత్తగా ఉండొచ్చు గానీ విషయం మనకి కొత్త కాదు. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్ స్కాలర్‌షిప్ ఇస్తేనే బాబాసాహెబ్ కొలంబియా యూనివర్సిటీకి పోగలిగాడు. బారిస్టరై తిరిగొచ్చాక బొంబాయిలో ప్రాక్టీసుకి సన్నదు తీసుకుందామంటే చేతిలో డబ్బుల్లేవు. నావల్ భతేనా అనే పార్సీ మిత్రుడు ఆదుకున్నాడు. ఆ మిత్రుడే లేకపోతే ఏమయ్యేదో మీరే ఆలోచించండి.

ఇక క్లర్క్‌షిప్. ఈ మాట చెప్తే ఒక తండ్రి నా మీద కోప్పడ్డాడు, "ఇంత చదివించింది గుమాస్తా పనికా సారూ?" అని. లా క్లర్కంటే గుమాస్తా కాదయ్యా. జడ్జి దగ్గరో, పెద్ద లాయర్ల సంస్థలోనో ఉండి కేసు కాగితాలు చదివి, పాత తీర్పులు వెతికి, నోట్సు రాసిచ్చే పని. సుప్రీంకోర్టు 2024-25 సంవత్సరానికి లా క్లర్కుల్ని పిలిచినప్పుడు నెలకి 80 వేలు ఇస్తామంది. పరీక్ష మాత్రం ఇంగ్లీషులో. అందుకే ఇంగ్లీషు మీద మనకి పట్టుదల ఉండాలని నేను గొంతు చించుకునేది.

ఇప్పుడు అసలు సంగతి. లాయర్లు చాలామంది ఉన్నారు, పర్యావరణం కేసులు వాదించే లాయర్లే ఎందుకంటున్నాను? మన పల్లెలు ఎక్కడున్నాయో చూడండి. ఊరికి దిగువన, వాగు పారే పక్కన. ఫ్యాక్టరీ మురుగు వదిలితే ముందు తగిలేది మన బోరుకి. టౌను చెత్త తెచ్చి పోసేది మన శ్మశానం పక్కన. మన పక్కన ఎందుకు పోస్తున్నారని అడిగితే ఖాళీ స్థలం అదేనంటారు. ఆ స్థలం మనకి ఖాళీగా ఎందుకు దొరికిందో ఎవరూ చెప్పరు.

అమెరికాలో నల్లోళ్లకీ ఇదే గతి. ఎర్త్‌జస్టిస్ అని అక్కడొక లాయర్ల సంస్థ ఉంది. 1971లో వేరే పేరుతో మొదలై 1997లో ఈ పేరు పెట్టుకుంది. కక్షిదారుల దగ్గర ఫీజు తీసుకోదు. లా పిల్లల్ని క్లర్కులుగా, కొత్త లాయర్లని ఫెలోలుగా పెట్టుకుని పని నేర్పుతుంది. విడిగా స్కాడెన్ అనే కంపెనీ లాయర్ల సంస్థ 1988 నుంచి కొత్త లాయర్లకి రెండేళ్లు జీతమిచ్చి పేదల కేసులకి పంపుతోంది. కంపెనీల డబ్బే! అయినా ఆ రెండేళ్లలో నేర్చుకున్న విద్య తిరిగి లాక్కోలేరు కదా.

అయితే అక్కడా కులం లాంటిదే ఉంది. 1990లో నల్లజాతి, లాటినో, మూలవాసీ కార్యకర్తలు వందమందికి పైగా సంతకాలు చేసి పది పెద్ద పర్యావరణ సంఘాలకి ఉత్తరం రాశారు. మా వాడల్లో విషం గురించి మాట్లాడతారు గానీ మీ ఆఫీసుల్లో మావాళ్లేరి అని నిలదీశారు. ఈ ప్రశ్న మన దగ్గర ఎవరన్నా అడిగారా?

కాలిఫోర్నియాలో కెటిల్‌మన్ సిటీ అని చిన్న ఊరు. పొలం పనులు చేసుకునే స్పానిష్ మాట్లాడే జనం. అక్కడ విషపు చెత్త కాల్చే కొలిమి పెడతామంది కంపెనీ. రిపోర్టంతా ఇంగ్లీషే. ల్యూక్ కోల్ అనే కుర్ర లాయరు, 1989లో హార్వర్డ్ నుంచి బయటికొచ్చినోడు, ఊరివాళ్ల వైపు నిలబడ్డాడు. 1991లో కోర్టు ఏమందంటే, జనానికొచ్చిన భాషలో రిపోర్టు ఇవ్వకుండా వాళ్లని భాగస్వాముల్ని చేశామంటే చెల్లదంది. 1993లో కంపెనీ కొలిమి ఆలోచనే మానుకుంది. చూశారా, గెలిపించింది పెద్ద సైన్సు కాదు, భాష.

మన దగ్గరా ఆ తాళంచెవి ఉంది. 2006 సెప్టెంబరు నోటిఫికేషన్ ప్రకారం ప్రజాభిప్రాయ సేకరణకి 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. రిపోర్టు సారాంశం తెలుగులో ఉండాలి. సభ వీడియో తియ్యాలి, జనం చెప్పిందాన్ని రాసి అక్కడే చదివి వినిపించాలి. నేను పోయిన ఒక సభలో లావుపాటి ఇంగ్లీషు పుస్తకం బల్ల మీద పెట్టి, "అందరూ సంతకం పెట్టండి" అన్నారు. మనోళ్లలో ఒక్కడికన్నా ఈ నియమం తెలిసుంటే సభ అక్కడే ఆగిపోయేది. 2020లో కేంద్రం కొత్త ముసాయిదా తెస్తే దాన్ని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషలన్నిట్లోకి తర్జుమా చెయ్యమని ఢిల్లీ హైకోర్టు చెప్పాల్సొచ్చింది.

సోంపేట మర్చిపోవద్దు. బీల నేలల్లో థర్మల్ కేంద్రం వద్దన్న జనం మీద 2010 జూలై 14న కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఆ రోజుల్లోనే ఢిల్లీలోని అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు అనుమతి కొట్టేసింది. రోడ్డు మీద జనం, కోర్టులో కాగితం, రెండూ ఉంటేనే అది సాధ్యమైంది. అదే సంవత్సరం గ్రీన్ ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. మనకి చెన్నై బెంచి. నష్టపరిహారం అడగని దరఖాస్తుకి ఫీజు వెయ్యి రూపాయలు. గడువు మాత్రం ఆర్నెల్లు, పరిహారానికైతే ఐదేళ్లు. మనం పంచాయితీలు, పెద్దమనుషులు అని తిరిగేలోపు ఆర్నెల్లు గడిచిపోతాయి!

ఢిల్లీలో 2005 నుంచి లైఫ్ అనే లాయర్ల సంస్థ ఊళ్ల తరఫున ఇట్లాంటి కేసులు వేస్తోంది. 2021లో దానికి రైట్ లైవ్లీహుడ్ అవార్డు వచ్చింది. 2023లో విదేశీ విరాళాల ఆరోపణతో సీబీఐ కేసూ పెట్టింది. పిల్లల్ని పంపేముందు రెండూ తెలుసుండాలి. దాచి పంపితే రేపు మనల్నే అడుగుతారు.

డబ్బు సంగతి. 2024 జూలై 30న సుప్రీంకోర్టు చెప్పింది: బార్ కౌన్సిళ్లు చేర్చుకోడానికి ఎస్సీ, ఎస్టీల దగ్గర 125 రూపాయలకి మించి, మిగతావాళ్ల దగ్గర 750కి మించి తీసుకోకూడదు. స్టాంపు ఖర్చు వేరు. అంతకుముందు కొన్ని రాష్ట్రాల్లో వేలకి వేలు గుంజేవాళ్లు. అదే ఏడు అక్టోబరులో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, జూనియర్లకి పట్నాల్లో నెలకి 20 వేలు, పల్లెల్లో 15 వేలు ఇవ్వమని సలహా ఇచ్చింది. సలహానే, ఆజ్ఞ కాదు. మా పిల్లోడి సీనియర్‌కి ఆ కాగితం చూపిస్తే "మంచి మాటే" అని పక్కన పెట్టాడట.

అందుకని సంఘం ముందు ఒక్క ప్రతిపాదన పెడుతున్నాను. ఉద్యోగస్తులం నెలకి మూడొందలు చొప్పున వేసుకుందాం. యాభైమందిమి కలిస్తే పదిహేను వేలు. ఒక పిల్లనో పిల్లోణ్ణో రెండేళ్లు నిలబెడదాం. ఆడపిల్లకి మొదట ఇద్దామని నా మాట. బిందె పట్టుకుని ఆ నీళ్ల దగ్గర నిలబడేది వాళ్లే. బదులుగా రెండేళ్లూ మన మండలం నోటీసులన్నీ చదివి తెలుగులో చెప్పాలి.

నా మూడొందలు ఈ బల్ల మీద పెడుతున్నాను. రాయడానికి పుస్తకం తెచ్చాను. దరఖాస్తులు నింపడం రాని పిల్లలు ఆదివారం పొద్దున బడి దగ్గరికి రండి, మార్కుల లిస్టులు, కుల ధ్రువీకరణ పత్రం జెరాక్సులు తెచ్చుకోండి.