కక్షిదారుని తృప్తికి కొలబద్ద

వ్యాజ్యము గలవానికి మొట్టమొదట తెలియవలసినది వాయిదా తేది. ఆ ఒక్క ముక్క కొఱకు పూర్వము పొలము పని మానుకొని, బస్సు ఖర్చులు పెట్టుకొని, ప్లీడరుగారి గుమాస్తాను వెదకుకొనుచు పోవలసి వచ్చెడిది. 2007లో మన దేశమున ఈ-కోర్టుల పథకము ప్రారంభమైనది. ఈ పథకము క్రింద జిల్లా న్యాయస్థానములలోని ప్రతి వ్యాజ్యమునకును అక్షరములు, అంకెలు కలిసి 16 స్థానములు గల గుర్తింపు సంఖ్య ఏర్పడినది. దానిని సెల్‌ఫోనులో నొక్కినచో వాయిదా ఇంటనే తెలియును. పథకము మూడవ దశకు 2023లో కేంద్ర మంత్రివర్గము 7,210 కోట్ల రూపాయలు ఆమోదించినది.

ఇంత ధనము వెచ్చించిన ఏర్పాటు జనులకు తృప్తి కలిగించుచున్నదా? ఎందఱు చూచిరో యంత్రమే లెక్క వేయును. కాని చూచుట వేఱు, తృప్తి వేఱు. ఒక్క తేది కొఱకు పదిమార్లు వెదకినవాడు లెక్కలో పదిమార్లు ఎక్కును. అతని విసుగు ఏ లెక్కకును ఎక్కదు.

కావున మనిషినే అడుగవలయును. అడుగు విధమును పండితులు ఏర్పఱచియున్నారు. 1988లో డాల్, టోర్క్‌జాదే అను ఇరువురు 12 ప్రశ్నలు కూర్చిరి. సమాచారము అక్కఱకు వచ్చునదేనా, తప్పులు లేనిదా, స్పష్టముగా కూర్చబడినదా, వాడుకకు సులభమా, వేళకు అందినదా అను అయిదు అంశములను అవి పరీక్షించును. 1992లో డిలోన్, మెక్లీన్ అనువారు ప్రకటించిన నమూనాకు 2003లో వారే సేవాగుణమును జోడించిరి. యంత్రము మొరాయించినపుడు ఆదుకొనువారు కలరా అనుట దాని భావము.

న్యాయస్థానములలో మఱి రెండు జాగ్రత్తలు అవసరమని మేము తలంచుచున్నాము. ఓడినవాడు తీర్పు మీది కోపమును యంత్రము మీద చూపవచ్చును. గెలిచినవాడు దాని లోపములను మన్నింపవచ్చును. కావున తీర్పునకు ముందే అడుగుట మేలు. రెండవది, యంత్రమును వాడువారినే అడిగినచో న్యాయవాదులు, ఉద్యోగులు మాత్రమే పలుకుదురు. చదువురాని ముసలమ్మ మనుమనిచేత చూపించుకొనును, ఆమెను అడుగువారుండరు. కోర్టు గుమ్మము కడ, నోటి మాటగా, తెలుగున ఆమెను కూడ ప్రశ్నింపవలయును.

ప్రశ్న పెద్దది కానక్కఱలేదు. “నేడు వాయిదా పడునని మీకు ముందుగా తెలిసినదా?” అనిన చాలును. తెలియక వచ్చినవాడు ఒకనాటి కూలి పోగొట్టుకొనినాడు. అట్టివారి సంఖ్య ఏటేట తగ్గుచున్నదా లేదా అనుటయే, మా అభిప్రాయమున, సరియైన కొలబద్ద.